గ్యోర్ పట్టణపు లెక్కల పత్రిక

సంధ్యాదీపము వెలిగించిన పిమ్మట మన యిండ్లలో తరచుగా జరుగు ఒక చిన్న కలహమును ఎరుగని గృహస్థులు లేరు. పెద్ద తరగతి చదువుచున్న కుమారుడో కుమార్తెయో ఒక లెక్కయొద్ద చిక్కుపడి కలము కొరుకుచు కూర్చుండును. తండ్రి కొంతసేపు చూచి, ఓపిక పట్టజాలక, పుస్తకమును లాగికొని తానే లెక్క చేసి పెట్టును. అది తనకు రానిచో ఈ కాలపు పుస్తకములన్నియు తప్పులతడకలని తేల్చివేయును. ఎదురింటివారి పిల్లవాడు పోవుచోటికే మనవానినిగూడ ట్యూషనుకు పంపుదమని తల్లి యనును. ఇంతలో పిల్లవాడు గైడు తెరచి, జవాబును ఎత్తివ్రాసికొని, నిద్రపోవును. మరునాడు ఉపాధ్యాయుడు ఆ లెక్కకు ఎఱ్ఱసిరాతో గుర్తు పెట్టి తిరిగి యిచ్చును. అందరును సంతుష్టులే, కాని ఆ రాత్రి ఆ యింట ఎవరును ఏమియు నేర్చుకొనలేదు.

ఈ తప్పులలో చాలవాటిని నేనును చేసినవాడనే గనుక ఇతరులను దూషించుటకై యీ వ్యాసమును వ్రాయుట లేదు. ఉన్నతపాఠశాలలో పై తరగతులు చదువు బాలబాలికలకు గణితమునందును భౌతికశాస్త్రమునందును తోడ్పడుట యనగా నేమి? లెక్క చేసి చూపుటయా? మార్గము చెప్పుటయా? లేక ఊరకుండుటయా? ఊరకుండుటయే తోడ్పాటైనచో ఉపాధ్యాయునకు జీతమెందుకు? ఈ ప్రశ్నలకు నూట ముప్పది సంవత్సరములకు పూర్వము హంగేరీ దేశమున ఒక పాఠశాలోపాధ్యాయుడు మాటలతో గాక పనితో ఉత్తరము చెప్పెను. ఆ పని ఒక పలుచని మాసపత్రిక. దాని చరిత్రమును మన పాఠకులకు తెలుపవలయునని చిరకాలముగా అనుకొనుచున్నాను.

1867లో ఆస్ట్రియాతో జరిగిన ఒడంబడికవలన హంగేరీకి తన యింటి వ్యవహారములందు స్వపరిపాలనము లభించెను. మరుసటి యేటనే విద్యామంత్రియైన యోజెఫ్ ఎత్వెష్ ప్రాథమికవిద్యను నిర్బంధము చేయు చట్టమును తెచ్చెను. ఆయన కుమారుడగు లోరాండ్ ఎత్వెష్ భౌతికశాస్త్రజ్ఞుడు. సన్నని తీగకు వ్రేలాడదీసిన త్రాసుతో భూమ్యాకర్షణమును అతిసూక్ష్మముగా పరీక్షించి, బంగారమైనను కట్టెయైనను భూమి వానిని లాగి కలిగించు వేగవృద్ధి యొక్కటేయని చూపినవాడాయనయే. 1894లో ఆయనయు తండ్రివలెనే విద్యామంత్రి యయ్యెను. ఆ సందర్భమున గణిత భౌతికశాస్త్ర సంఘమువారు, ఆయన గౌరవార్థము, ఆ యేడు ఉన్నతపాఠశాల చదువు ముగించిన విద్యార్థులకై ఒక పోటీపరీక్షను నెలకొల్పిరి. పరీక్షకు ప్రశ్నలు మూడే. వ్యవధి నాలుగు గంటలు. విద్యార్థులు తమ పుస్తకములను, వ్రాతప్రతులను వెంట తెచ్చుకొని చూచుకొనవచ్చును! ఈ చివరి నిబంధనను చదివి మన పాఠకులు ఆశ్చర్యపడవచ్చును. పుస్తకములో నున్న దానిని అడుగుట వారి యుద్దేశము కాదు గనుక పుస్తకమును దాచవలసిన అవసరము వారికి కలుగలేదు.

అదే 1894వ సంవత్సరమున, ఆ పోటీకన్న కొన్ని మాసములు ముందే, వియన్నాకును బుడాపెష్టుకును నడుమ దానూబు నదీశాఖల యొడ్డున నున్న గ్యోర్ పట్టణములో దానియెల్ అరాన్యి యను ఉపాధ్యాయుడు ఉన్నతపాఠశాలల గణితపత్రికను ప్రారంభించెను. అప్పటికాయనకు ముప్పదియొక్క సంవత్సరముల వయస్సు మించదు. ఆయన బోధించుచుండినది రాజధానిలోని కళాశాలలో గాదు. జిల్లా పట్టణమందలి పాఠశాలలో. విద్యార్థులకును ఉపాధ్యాయులకును సమృద్ధిగా ఉదాహరణములను సమకూర్చుటయే తన పత్రిక యుద్దేశమని ఆయన చెప్పుకొనెను. ఇంతకన్న అణకువగల ఉద్దేశమును ఏ పత్రికాధిపతియు ప్రకటించి యుండడు. మన పత్రికల తొలిసంచికలలోని ప్రతిజ్ఞలను దీనితో పోల్చి చూచుకొనిన నవ్వు వచ్చును.

పత్రిక నడచిన విధానమిది. ప్రతిమాసమును కొన్ని సమస్యలు ప్రకటింపబడును. దేశమందే మూలనున్న విద్యార్థియైనను వానిని సాధించి, తన పేరును, తరగతిని, పాఠశాలను, ఊరిని వ్రాసి తపాలాలో పంపవచ్చును. గడువు దాటిన పిమ్మట సంపాదకుడు వచ్చిన సమాధానములను చదివి, వానిలో ఉత్తమమైనదానిని ఆ విద్యార్థి పేరుతోనే అచ్చువేయును. సరిగా సాధించిన తక్కినవారి పేర్లను దాని క్రింద వరుసగా ప్రకటించును. తరువాతి కాలమున సంవత్సరాంతమందు మంచి సాధకుల ఛాయాచిత్రములనుగూడ అచ్చువేయుచు వచ్చిరి. అంతే. ఇందులో బహుమానముల ఆర్భాటము లేదు. కాని పదునారేండ్ల పిల్లవాని పేరు అచ్చులో పడుట యెట్టిదో, అది మొదటిసారి పడినవాడే యెరుగును.

ఈ పద్ధతియందు రెండు విషయములు నాకు మిక్కిలి ముఖ్యముగా తోచుచున్నవి. మొదటిది, కాలము. పరీక్షలో పది నిమిషములకొక లెక్క చేయవలెను. చేయలేనివాడు మందుడని మనము నిశ్చయింతుము. అరాన్యి పత్రికలోని సమస్యకు వారములకొలది గడువుండెను. పిల్లవాడు దానిని బడికి పోవు దారిలో తలచుకొనవచ్చును, భోజనమువేళ తలచుకొనవచ్చును, విడిచిపెట్టి ఎనిమిది దినముల తరువాత మరల పట్టుకొనవచ్చును. రెండవది, సమాధానమును వ్రాయుట. జవాబుగా ఒక సంఖ్యను పంపిన చాలదు. ఎందువలన అట్లగునో, చదువువాని కడ్డులేకుండ, వాక్యములలో వ్రాయవలెను. లెక్క వచ్చినను వ్రాయుట చేతగాని విద్యార్థులు మన దేశమున వేలకొలది యుండుట చూచినవారికి దీని విలువ తెలియును.

మొట్టమొదటి పోటీపరీక్షలోని మొదటి ప్రశ్ననే ఉదాహరణముగా తీసికొందము. య, ర అనునవి ఏవైన రెండు పూర్ణసంఖ్యలు. 2య + 3ర అను మొత్తము 17చేత నిశ్శేషముగా భాగింపబడిన యెడల 9య + 5ర అనునదియు భాగింపబడుననియు, ఇది భాగింపబడిన అదియు భాగింపబడుననియు చూపవలెను. దీనిలో పెద్ద శాస్త్రమేమియు లేదు. కూడికయు గుణకారమును వచ్చినవారందరును దీనిని అర్థము చేసికొనగలరు. అయినను చూడగానే ఎక్కడ పట్టుకొనవలయునో తెలియదు. విద్యార్థి కొన్ని సంఖ్యలు వేసి చూచును, సరిపోవుచునే యుండును, ఏల సరిపోవుచున్నదో తోచదు. ఇప్పుడు తోడ్పడుట యెట్లు? జవాబు ఒక్క పంక్తిది: మొదటిదానిని నాలుగింతలు చేసి రెండవదానిని కలిపిన 17య + 17ర వచ్చును. ఈ మొత్తమెల్లప్పుడును పదునేడుచేత భాగింపబడునదే. కావున రెండవది భాగింపబడినచో మొదటిదాని నాలుగింతలును భాగింపబడవలెను. నాలుగునకును పదునేడునకును సామాన్యభాజకము లేదు గనుక మొదటిదే భాగింపబడవలెను. తిరుగుడుగా చూచిన మార్గము ఇంకను సులభము.

ఈ పంక్తిని చెప్పివేసిన ఆ లెక్క ముగిసిపోవును. పిల్లవాడు 'ఓహో, ఇంతేనా' యనును. మరుసటి లెక్కయొద్ద మరల కలము కొరుకుచు కూర్చుండును. అట్లుగాక, 'ఈ రెండింటిని ఏదో పాళ్లలో కలిపిన, పదునేడు కనబడునేమో చూడుము' అని మాత్రము చెప్పిన యెడల, వెదకుటకు చోటు చూపినట్లగును గాని దొరకిన వస్తువును చేతిలో పెట్టినట్లు కాదు. ఇంకను ఓపికగలవాడు, 'ఒకటి భాగింపబడునని తెలిసియున్నప్పుడు, రెండవదానిని గూర్చి చెప్పుటకు వానికి ఏమి సంబంధముండవలెను?' అని అడిగి ఊరకుండును. హంగేరీలోనే 1887లో పుట్టిన జార్జి పోల్యా యను గణితాచార్యుడు 1945లో ప్రకటించిన సమస్యాసాధన గ్రంథమున ఈ విషయమునే విస్తరించి చెప్పెను. విద్యార్థిని ఒంటరిగా విడిచినను, చాలనంత సహాయము చేసినను, అతడు ముందుకు పోజాలడు. మితిమీరి సహాయము చేసినచో అతనికి చేయుటకేమియు మిగులదు. కావున అతనికి తగిన పాలు పని మిగులునట్లు తోడ్పడవలెనని ఆయన మతము. ఈ పోల్యా తన బాల్యమున ఎత్వెష్ పోటీకి పోయి కూర్చుండి, కాగితము ఇయ్యకయే లేచివచ్చినవాడు! పోటీలో నెగ్గనివారిని గూర్చి నిరాశపడు తల్లిదండ్రులు ఈ సంగతిని జ్ఞాపకముంచుకొందురు గాక.

ఇట్లు తపాలాద్వారా సమస్యలను పంచుకొను మార్గము హంగేరీవారే కనిపెట్టినదని నేననుట లేదు. లండనులో 1704 మొదలు నడచిన స్త్రీల పంచాంగమొకటి కొలది కాలములోనే గణితసమస్యలను ప్రకటించి, చదువరులవలన సమాధానములను తెప్పించి అచ్చువేయసాగెను. మన దేశమునందును, మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును తెనుగు పద్యములలోనికి తెచ్చిన పావులూరి మల్లన నాటనుండియు లెక్కను ఒకరు ఒకరికి ఒడ్డుట వినోదముగా నుండెను. ఇక మన రాయలసీమకు మరియొక కీర్తి గలదు. దానిని చాలమంది మరచిపోయిరి. అనంతపురము జిల్లా గుత్తిలో డిప్యూటీ కలెక్టరుగా నుండిన రామస్వామి అయ్యరుగారు 1906 డిసెంబరు 25వ తేదీన తన మిత్రులకు ఒక లేఖ వ్రాసి, గణితము నందు ప్రీతిగలవారందరును కూడి చందాలు వేసికొని, విదేశపత్రికలను తెప్పించి తపాలాలో ఒకరినుండి యొకరికి పంపుకొందమని సూచించెను. దానివలన 1907లో పుట్టిన సమాజమే నేటి భారత గణితసంఘము. ఆ సంఘపు పత్రికలో ప్రశ్నలకును సమాధానములకును చోటుండెను. 1911లో శ్రీనివాస రామానుజన్ అందులో ఒక వర్గమూలమున మరియొక వర్గమూలము అంతులేకుండ ఇమిడియుండు సమస్యను ఒడ్డి, ఆరు మాసములు గడచినను ఎవరును సాధింపకపోగా తానే సమాధానము పంపెను. జవాబు మూడు. గుత్తి కోట క్రింద ఒక రెవెన్యూ ఉద్యోగి వ్రాసిన జాబునకును ఆ 'మూడు'నకును గల సంబంధమును మన పాఠశాలలలో ఎవరైన చెప్పుచున్నారో లేదో నేనెరుగను. అయితే ఆ పత్రిక పెద్దలది. అరాన్యి పత్రిక పిల్లలది. భేదమంతయు ఇందున్నది.

అరాన్యి రెండేండ్లు నడిపి, 1896లో తన పత్రికను లాస్లో రాట్సు చేతిలో పెట్టెను. రాట్సు బుడాపెష్టులోని లూథరన్ ఉన్నతపాఠశాలలో గణితోపాధ్యాయుడు. ఆయన 1914 వరకు, పదునెనిమిదేండ్లు, బడి పాఠములు చెప్పుచునే పత్రికను నడిపెను. ఆయన మొదటి సంవత్సరములలో దక్షిణముననున్న పేచ్ అను ఊరినుండి లియొపోల్డ్ వైస్ అను కుఱ్ఱవాని సమాధానములు మాటిమాటికి వచ్చుచుండెడివి. ఆ బాలుడు 1897 పోటీలో రెండవ బహుమానము గెలిచెను. తరువాత పేరు మార్చుకొని లిపోత్ ఫెయేర్ అను ప్రసిద్ధ గణితాచార్యుడయ్యెను. మరుసటి యేట మొదటి బహుమానమందినవాడు, అటుపిమ్మట విమానశాస్త్రమున లోకప్రసిద్ధుడైన థియొడోర్ కార్మాన్. 1912లో గాబోర్ సెగే, 1916లో భౌతికశాస్త్రమున లియో సిలార్డ్ నెగ్గిరి. ఇట్లే పేర్లు చెప్పుకొనుచు పోవచ్చును గాని పట్టికవలన ప్రయోజనము స్వల్పము.

రాట్సు తన తరగతిలో ఏమి చేసెనో చూచుట మేలు. 1914 ప్రాంతమున ఆయన పాఠశాలలో జాన్ ఫాన్ నాయ్‌మన్ అను బాలుడు చేరెను. కొలది దినములలోనే ఆ బాలుని శక్తిని గ్రహించిన రాట్సు, అతని తండ్రియొద్దకు పోయి, ఇతనికి అందరితోపాటు సామాన్యగణితము చెప్పుచు కూర్చుండుట తగదని నచ్చజెప్పి, విశ్వవిద్యాలయమువారిచేత వేరుగా పాఠములు చెప్పించు ఏర్పాటు చేయించెను. చెప్పుటకు వచ్చినవారిలో పై సెగే యొకడు. తన శిష్యుడు తన్ను మించినవాడని ఒప్పుకొని, అతనిని తన చేతినుండి తానే విడిచిన ఉపాధ్యాయులెందరుందురు? అదే పాఠశాలలో ఒక్క తరగతి పైన యూజీన్ విగ్నర్ చదువుచుండెను. రాట్సు ఇతనికి వేరుగా పాఠములు చెప్పించలేదు. మంచి పుస్తకములను ఏరి యెరువిచ్చెను. ఒకనికి గురువును, ఒకనికి పుస్తకములను! ఏ పిల్లవానికి ఏది తగునో ఎరుగుటలోనే ఆయన నేర్పంతయు నుండెను. విగ్నర్‌కు 1963లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను. అమెరికాలోని ప్రిన్స్‌టనులో ఆయన గదిగోడమీద, బుడాపెష్టు పాఠశాలోపాధ్యాయుడైన రాట్సు పటము వ్రేలాడుచుండెను.

ఇంతమాత్రమున ఆ దేశమందలి ఉపాధ్యాయులందరును రాట్సులే యని భ్రమింపరాదు. కార్మాన్ తండ్రి స్థాపించిన పేరుపొందిన పాఠశాలలో చదివిన ఎడ్వర్డు టెల్లర్, తన లెక్కల ఉపాధ్యాయుడొకడు తనకు మేధావులు గిట్టరని మొగముమీదనే యన్నట్లు వ్రాసికొన్నాడు. ఆ బాలుడు 1925లో ఎత్వెష్ పోటీలో భౌతికశాస్త్రమున మొదటివాడయ్యెను. గణితమున ప్రథమస్థానమును మరి యిద్దరితో పంచుకొనెను.

మరియొక మాటయు చెప్పవలసియున్నది. ఈ మహనీయుల పేర్లను చూపి, పత్రికయే వారిని సృష్టించినదని కొందరు వ్రాయుదురు. అది నాకు సమ్మతము గాదు. వారిలో ననేకులు కలిగిన కుటుంబములవారు. ఇంట పుస్తకములును, విద్యావంతులైన తల్లిదండ్రులును ఉన్నవారు. ఆ కాలపు హంగేరీలో రైతుకూలీల బిడ్డలకు ఉన్నతపాఠశాల మెట్టెక్కుటయే దుర్లభము. పత్రిక ఆ అన్యాయమును తొలగింపలేదు. అది చేసినది మరియొకటి. పాఠశాలలోపలికి రాగలిగిన బాలునకు, అతడు రాజధానిలో నున్నను మారుమూల పట్టణములో నున్నను, తన ఉపాధ్యాయుడు మంచివాడైనను కాకున్నను, ఒకే సమస్యను ఒకే దినమున ఇచ్చి, ఒకే కంటితో చూచెను. పేచ్‌లోని కుఱ్ఱవానికిని బుడాపెష్టులోని ధనికుని కొడుకునకును నడుమ తపాలాబిళ్ల ధర తప్ప వేరు భేదము లేకపోయెను.

ఈ సమదృష్టికి ఎంతటి విలువ గలదో త్వరలోనే తెలిసివచ్చెను. 1914లో యుద్ధము రాగా పత్రిక నిలిచిపోయెను. యుద్ధమున ఓడిన హంగేరీ తన భూభాగములో మూడింట రెండు పాళ్లకు పైగా పోగొట్టుకొనెను. ఓడిన దేశములలో తరచుగా జరుగునట్లే, కష్టములకు కారకులెవరో యని వెదకి, యూదులను చూపిరి. 1920లో చేసిన చట్టము విశ్వవిద్యాలయములలో చేరు విద్యార్థులకు జాతినిబట్టి పాళ్లను విధించెను. పేరు చెప్పలేదుగాని అది యూదులను బయట నుంచుటకు చేసినదేయని అందరెరుగుదురు. ఇట్టి దినములలో 1925లో అందోర్ ఫరగో యను ఉపాధ్యాయుడు పత్రికను పునరుద్ధరించెను. ఈసారి దాని పేరులో గణితముతోపాటు భౌతికశాస్త్రమును చేరెను. కదలిక, వేడి, విద్యుత్తు, కాంతి మొదలగు విషయములపై ప్రశ్నలు వెలువడసాగెను. విశ్వవిద్యాలయపు వాకిట జాతిని అడుగు ఆ కాలమున, ఈ పత్రిక మాత్రము అడిగినది నాలుగే: పేరు, తరగతి, బడి, ఊరు.

గణితోపాధ్యాయులైన యూదు దంపతుల కుమారుడు పౌల్ ఎర్డోష్ ఈ రెండవ కాలపు సాధకులలో నొకడు. జాతీయపోటీలో నెగ్గినవాడగుటచేత, పై చట్టముండినను, అతనికి 1930లో విశ్వవిద్యాలయ ప్రవేశము దొరకెను. అక్కడ అతనికి పౌల్ తురాన్, టిబోర్ గల్లాయి మొదలగువారు స్నేహితులైరి. విచిత్రమేమనగా, ఒకరి మొగము నొకరు చూడకమునుపే వారికి పరస్పరము పేర్లు తెలియును. పత్రికలో తమ పేరు క్రిందనో మీదనో మాసమాసమును చూచుచుండినవే గదా! నగరోద్యానమున, పూర్వకాలపు అజ్ఞాతచరిత్రకారుని విగ్రహమున్నది. యువకులు ఆ విగ్రహముకడ చేరి సమస్యలను చర్చించుకొనెడివారు. వారిలో తోళ్ల పరిశ్రమలో రసాయనికుడుగా పనిచేసిన జార్జి సెకెరెష్ యుండెను. భౌతికశాస్త్రము చదువుచుండిన ఎస్థర్ క్లైన్ అను కన్యకయు నుండెను. బుడాపెష్టు విశ్వవిద్యాలయపు తలుపులు స్త్రీలకు 1895లోగాని తెరువబడలేదు. నలుబది యేండ్లైన గడువకముందే ఒక యువతి మగపిల్లల నడుమ కూర్చుండి ఒడ్డిన సమస్య వారినందరిని చాలకాలము నిద్రపోనీయలేదు.

ఆ సమస్య యిది. కాగితముమీద ఏ మూడును ఒకే సరళరేఖమీద నుండకుండ అయిదు చుక్కలు పెట్టుడు. వానిలో ఏవో నాలుగు చుక్కలను కలిపిన, లోనికి నొక్కుకొనిపోని చతుర్భుజము తప్పక వచ్చునని ఎస్థర్ చెప్పెను. పలకమీద అయిదు మేకులు కొట్టి, వాని చుట్టును దారము బిగించి చూచిన ఆమె చెప్పిన కారణము చక్కగా బోధపడును. దారము అయిదింటినిగాని నాలుగింటినిగాని తాకిన చెప్పవలసినదేమియు లేదు. మూడింటినే తాకి త్రిభుజమైనచో తక్కిన రెండు మేకులు లోపల చిక్కును. ఆ రెండింటిమీదుగా ఒక గీత గీయుడు. త్రిభుజపు మూడు కొనలలో రెండు ఆ గీతకు ఒక్క ప్రక్కనే యుండవలెను. ఆ రెండును, లోపలి రెండును కలిపిన కావలసిన చతుర్భుజమగును. దీనిని నేను మా అన్నగారి మనుమరాలికి చెప్పితిని. కారణము చెప్పక సమస్యను మాత్రమే చెప్పితిని. ఆమె మూడు దినములు చుక్కలు పెట్టి, చుక్కలు తుడిచి, నాలుగవనాడు 'తాతగారూ, లోపల రెండు మిగిలినప్పుడే తంటా' అనుచు వచ్చెను. అప్పటికి నేను చెప్పవలసినది మిగులలేదు.

ఈ చుక్కల సంఖ్యను పెంచిన ఏమగునని సెకెరెష్, ఎర్డోష్ పరిశోధించి 1935లో ఒక వ్యాసము ప్రకటించిరి. 1937లో జార్జి, ఎస్థర్ వివాహమాడిరి. అందుచేత ఎర్డోష్ ఆ సమస్యకు 'సుఖాంత సమస్య' యని ముద్దుపేరు పెట్టెను.

ఆ స్నేహితులందరికిని సుఖాంతము ప్రాప్తింపలేదు. 1939లో పత్రిక మరల నిలిచెను. తురాన్‌ను నిర్బంధశ్రమకు పట్టుకొనిపోయిరి. 1944లో అతడు బుడాపెష్టు దగ్గరి ఇటుకల ఆవములలో పనిచేసెను. ఆవములనుండి కొట్లకు పట్టాలమీద ఇటుకల బండ్లను త్రోయవలెను. పట్టాలు ఒండొంటిని దాటుచోట బండ్లు ఎగిరి ఇటుకలు పడిపోయెడివి. ఆవములన్నింటినుండి కొట్లన్నింటికి పట్టాలు వేయునప్పుడు, ఈ దాటుచోట్లను ఎంత తక్కువ చేయవచ్చునని అతడు ఆ బండిని త్రోయుచునే ఆలోచించెను. ఈ ప్రశ్నకును నేటివరకు సంపూర్ణమైన జవాబు లేదు. పోటీలో 1902లో బహుమానమందిన దేనెష్ కేనిగ్ అను ఆచార్యుడు 1944 అక్టోబరులో ప్రాణము తీసికొనెను. పత్రికాస్థాపకుడగు అరాన్యి 1945లో, ఎనుబదియొక్క యేండ్లు దాటిన వయస్సున, బుడాపెష్టులో మరణించెను. అప్పటికి ఆయన పత్రిక ముద్రణలో లేదు.

1947లో దానిని మూడవసారి లేపిరి. తరువాత ఆగలేదు. నేటికిని పాఠశాలలు తెరచియుండు మాసములన్నింట, సంవత్సరమునకు తొమ్మిది సంచికలుగా, గణిత భౌతికశాస్త్ర సమస్యలతో అది వెలువడుచున్నది. చిన్న తరగతులవారికి వేరు సమస్యలు, ఆరితేరినవారికి వేరు సమస్యలు ఉన్నవి. భౌతికశాస్త్రవిభాగమున ప్రతిమాసమును ఒక కొలతపని యిత్తురు. విద్యార్థి ఇంటనున్న వస్తువులతో ప్రయోగము చేసి, తన కొలతలను, వానిలో నుండగల పొరపాట్ల పరిమితిని వ్రాసి పంపవలెను. మన ఇంటర్మీడియెటు విద్యార్థులలో ప్రయోగపు పుస్తకమును పైతరగతివారి పుస్తకమునుండి ఎత్తివ్రాయనివారెందరో లెక్కించుకొనినచో, ఈ యొక్క పని మనకెంత కొరగానున్నదో తెలియును. మన పట్టణములలో పిల్లలను తెల్లవారుజామున లేపి రాత్రి పదిగంటలవరకు లెక్కలు చేయించు విద్యాలయములు వీథివీథికి గలవు. అక్కడి పిల్లలు చేయు లెక్కల సంఖ్య హంగేరీ పిల్లవాడు కలలోనైన చూచి యుండడు. కాని ఒక్క లెక్కతో ఒక వారము కాపురము చేయు అవకాశమును వారికి ఎవరిచ్చుచున్నారు?

సెకెరెష్ దంపతులు హిట్లరు కాలమున షాంఘాయికి పారిపోయి, అక్కడ యుద్ధకష్టములనుభవించి, 1948లో ఆస్ట్రేలియా చేరిరి. రసాయనికుడైన జార్జి అక్కడ గణితాచార్యుడయ్యెను. ఎస్థర్ సిడ్నీలో ఉపాధ్యాయిని యయ్యెను. వృద్ధాప్యమున, 1984 మొదలు, ఆమె ఉన్నతపాఠశాల విద్యార్థులను వారమువారము చేర్చి, తాను బాల్యమున పొందినట్టి సమస్యలనే వారిముందు పెట్టుచుండెను. 2005 ఆగస్టు 28వ తేదీన దంపతులిరువురును ఒక గంటలోపల, ఒకరి వెనుక నొకరు, కన్నుమూసిరి.

అయిదు చుక్కలలో చతుర్భుజము, తొమ్మిది చుక్కలలో పంచభుజము తప్పవని యౌవనముననే వారికి తెలియును. పదునేడు చుక్కలలో షడ్భుజము తప్పదని జార్జి తన చివరి యేండ్లలో మరియొకరితో కలిసి గణనయంత్ర సహాయమున నిరూపించెను. ఆ వ్యాసము ఆయన పోయిన మరుసటి యేట, 2006లో, అచ్చుపడెను. ఏడు భుజములకు ముప్పదిమూడు చుక్కలు చాలునని ఊహ. దానిని ఇంకను ఎవరును నిరూపింపలేదు.